పల్లవి ఎవరిది? పిల్లల పాట, బొమ్మ, ఓటు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ ఒకే సంగతి మీద. మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఉన్న పిల్లలకు ప్రజాస్వామ్యాన్ని పాటతో, ఆటతో, బొమ్మతో ఎలా నేర్పాలి అని. ఒడిశా వైపు నుంచి గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, గుమ్మ, మహారాష్ట్ర వైపు నుంచి సిరొంచ, బల్లార్‌పూర్, దెగ్లూరు, ధర్మాబాద్ పాఠకులు రాశారు. పేరు వేయొద్దన్నవాళ్లు ఎక్కువ కాబట్టి అందరివీ ఊరి పేర్లే వేస్తున్నాం. ఉత్తరాలను కాస్త కుదించాం.

ప్రశ్న: నాలుగు, అయిదు తరగతులు కలిపి నా దగ్గర 32 మంది. పిల్లలే పాట కట్టాలి, పల్లవిని ఓటు వేసి ఎంచుకోవాలి అని మొదలుపెట్టాను. బాగా పాడే ముగ్గురు ఏదంటే అదే నెగ్గుతోంది. మిగతావాళ్లు తలాడించి ఊరుకుంటున్నారు. ఏం చెయ్యమంటారు?
— ఉపాధ్యాయిని, గుణుపురం (రాయగడ జిల్లా)

జవాబు: టీచరు గారూ, మీ దగ్గర ఓటు మరీ తొందరగా వచ్చేస్తున్నట్టుంది. ఓటుకు ముందు ప్రతి పిల్లకూ మాట్లాడే వంతు రావాలి. ఓడినవాళ్లు కట్టిన చరణాలు ఏమవుతాయో కూడా ముందే తేలిపోవాలి. ఈ రెండూ లేకుండా చేతులెత్తిస్తే గొంతున్నవాడిదే గెలుపు. 40 నిమిషాల పీరియడ్లు మూడు కేటాయించండి. ఒక్కరోజులో అవగొట్టాలని చూస్తే మళ్లీ ఆ ముగ్గురే కట్టేస్తారు.

మొదటి పీరియడ్‌లో చీట్లు తీసి ఆరు గుంపులు చెయ్యండి: అయిదుగురివి నాలుగు, ఆరుగురివి రెండు. స్నేహాలను బట్టి గుంపులు కట్టనివ్వద్దు. ఒక్కొక్కరికి మూడేసి చింతపిక్కలు ఇవ్వండి. నోరు విప్పినప్పుడల్లా ఒక పిక్క మధ్యలో పెట్టాలి. పిక్కలు అయిపోయినవాళ్లు మిగతావాళ్లవి అయ్యేదాకా వినాలి. ఇక్కడ తప్పకుండా జరిగేది ఒకటుంది: మాట్లాడని పిల్ల తన పిక్కలు పక్కనున్న స్నేహితురాలి చేతిలో పెట్టేస్తుంది. పిక్క ఇంకొకరికి ఇవ్వకూడదని మొదటే చెప్పండి. "నాకేమీ తోచలేదు" అన్నా ఒక వంతు కిందే లెక్క. మొదటిరోజు సగంమంది అదే అంటారు. రెండోరోజుకు ఆ మాట వాళ్లకే విసుగొస్తుంది.

పాట దేనిమీదో తేలాక తాళం ముందు, మాట తర్వాత. మాటలు ముందు రాయిస్తే వాక్యాలు వ్యాసంలా వస్తాయి, ఏ బాణీలోనూ ఇమడవు. ఎనిమిది దెబ్బల తాళం వేయించి, దెబ్బకు రెండు మాత్రల (అక్షరం పలికే కాలపు లెక్క) చొప్పున పాదానికి 16 మాత్రలు పెట్టండి. దీర్ఘమూ, సంయుక్తాక్షరం ముందున్న అక్షరమూ, సున్నా ఉన్న అక్షరమూ రెండేసి, మిగతావి ఒక్కోటి. ఉదాహరణకు బడి బోరు చెడిపోయింది అనుకోండి. "మన పాఠశాలలోని బోరుబావిని మరమ్మతు చేయించాలి" అని రాస్తారు. బోరుబావి దగ్గరికి వచ్చేసరికే 16 దాటిపోయాయి. అదే సంగతి ఇలా అయితే కూర్చుంటుంది:

బడి బోరు నీళ్లు బాగు చేయాలి
వంతుల వారీ వాడుకోవాలి

రెండు పాదాలూ సరిగ్గా పదహారేసి, ఎనిమిది దగ్గర విరుగు. పిల్లల చేత వేళ్ల మీద లెక్కబెట్టించండి. మాట తగ్గించాల్సి వచ్చినప్పుడు ఏ మాట వదులుకోవాలో గుంపులో అసలైన వాదన మొదలవుతుంది. బోరు బాగుచెయ్యాలన్నది ముఖ్యమా, వంతులు ముఖ్యమా? చర్చ పెట్టండని పిల్లలకు విడిగా చెప్పక్కర్లేదు, మాత్రలే పెట్టిస్తాయి.

శ్రుతి సంగతి కూడా చూసుకోండి. మగ ఉపాధ్యాయులు తమ గొంతుకు తగ్గట్టు కిందికి ఎత్తుకుంటారు, పిల్లలకు ఆ కింది స్వరాలు అందవు. సగంమంది పెదవులు కదిపి ఊరుకుంటారు. హార్మోనియం మీద మధ్యస్థాయిలో రెండో శ్రుతి షడ్జమం (స) చేసుకుని, బాణీ స నుంచి ద లోపల తిరిగేలా కడితే ఈ వయసు పిల్లలు చాలామందికి అందుతుంది.

రెండో పీరియడ్ చివరికి ఆరు గుంపులవి ఆరు జతల పాదాలు వస్తాయి. పల్లవికి పనికొచ్చేవి మూడు ఎంచే పని ఆ తరగతికి కాకుండా పక్క తరగతికి ఇవ్వండి, విని చెబుతారు. ఇక మూడో పీరియడ్‌లో ఓటు, అదీ రెండుసార్లు. మొదట చేతులెత్తించి లెక్క బోర్డు మీద రాయండి. వెంటనే చీటీల మీద రహస్యంగా వేయించి, ఆ లెక్క పక్కన రాయండి. రెండు లెక్కలూ తేడా వస్తే ఎందుకు తేడా వచ్చిందో మీరు చెప్పకండి, పిల్లల్ని అడగండి. చెయ్యెత్తే ముందు ఎవరి మొహం చూశారో వాళ్లే చెబుతారు.

ఇంకొక మెలిక కూడా ఉంది. చీటీల్లో మొదటి పల్లవికి 12, రెండోదానికి 11, మూడోదానికి 9 వచ్చాయనుకోండి. మొదటిది గెలిచింది, కానీ 20 మంది దాన్ని కోరుకోలేదు. లోక్‌సభకూ శాసనసభలకూ మనం ఇలాగే ఎన్నుకుంటున్నాం, ఎక్కువ వస్తే చాలు, సగం దాటక్కర్లేదు. ఇప్పుడు మూడోదాన్ని పక్కనపెట్టి మళ్లీ వేయించండి. ఆ తొమ్మిది మందిలో ఏడుగురు రెండోదానివైపు వెళ్తే 18–14తో ఫలితం తిరగబడుతుంది. పెద్దపిల్లలుంటే రెండోసారి ఓటు లేకుండా చీటీమీదే 1, 2, 3 అని ఇష్టక్రమం రాయించవచ్చు. రాష్ట్రపతి ఎన్నిక పద్ధతి అదే. 1969లో మొదటి లెక్కింపులో ఎవరికీ సగం దాటకపోతే రెండో ప్రాధాన్యపు ఓట్లు లెక్కపెట్టాల్సి వచ్చింది, నీలం సంజీవరెడ్డి మీద వి.వి. గిరి నెగ్గారు. గిరి గారు పుట్టింది మీకు దగ్గరి బరంపురంలోనే.

ఓడిన గుంపుల పాదాలు చరణాలవుతాయి. గెలిచినవాళ్లు వాటిని ముట్టుకోకూడదు. వారం పాడాక పల్లవి మార్చాలని ఎవరైనా అడగవచ్చు, అడిగితే మళ్లీ చర్చ పెట్టాల్సిందే. ఈ రెండు నియమాలూ ఓటుకు ముందే గోడకు అంటించండి. ఫలితం వచ్చాక చెబితే గెలిచినవాళ్లు ఒప్పుకోరు.

ప్రశ్న: మాది జిల్లా పరిషత్ మరాఠీ బడి. పిల్లలల్ల ముప్పావు వంతు ఇంట్ల తెలుగే మాట్లాడుతరు. కొందరు మాడియా (గోండుల్ల ఒక తెగ) పోరలున్నరు, ఒకరిద్దరి ఇంట్ల మరాఠీ. బడిపాట ఏ భాషల ఉండాల్నో ఓటు పెడితే తెలుగే గెలుస్తది. పెట్టాల్నా వద్దా?
— ఉపాధ్యాయుడు, సిరొంచ (గడ్చిరోలి జిల్లా)

జవాబు: పెట్టకండి సార్. ఎన్నిసార్లు పెట్టినా ఒకే వర్గం గెలిచే ఓటు పిల్లలకు నేర్పేది ఒక్కటే, లెక్కలో తక్కువున్నవాళ్లు నోరు మూసుకోవాలని. ఏ బాణీ, ఎన్ని చరణాలు, ఎవరు ముందు పాడాలి, ఇవన్నీ ఓటుకు పెట్టండి. ఎవరి భాష బడిలో వినిపించాలన్నది ఓటుకు పెట్టే విషయం కాదు. రాజ్యాంగంలో 350ఎ అధికరణ ఉన్నది ఇందుకే. భాషాపరంగా తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్ల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యాలు కల్పించేందుకు రాష్ట్రం ప్రయత్నించాలంటుంది అది. 1956లో ఏడో సవరణతో చేరింది. మహారాష్ట్రలో మీ తెలుగు పిల్లలకు ఆ అధికరణ అండ. మీ తరగతిలో మాడియా పిల్లలకు ఆ అండ మీరే ఇవ్వాలి.

పని ఎలాగంటే, పల్లవికి భాష పెట్టకండి. తందనాన, తానితందాన లాంటి పలుకులతో ఎనిమిది దెబ్బల పల్లవి కట్టండి, అది అందరిదీ. చరణం ఒక్కో భాషలో. ఏ భాష చరణాన్ని ఆ ఇంటి పిల్లలే తక్కినవాళ్లకు నేర్పాలి, మీతో సహా. తప్పు పలికితే ఆపి దిద్దే హక్కు ఆ పదినిమిషాలూ వాళ్లదే. మాడియా చరణాన్ని నాగరి అక్షరాల్లో రాస్తారా, తెలుగు అక్షరాల్లోనా అన్నది కూడా వాళ్లనే అడగండి.

చెడేది ఒకచోటే. ఒక్క పిల్లాణ్ణి ముందు నిలబెట్టి, తలకు ఈకలు కట్టి "మా మాడియా చరణం" అంటే అది ప్రదర్శన అయిపోతుంది. కనీసం ఇద్దరు ముగ్గురు కలిసి నేర్పాలి, మామూలు బడి బట్టల్లోనే. ఇంకొకటి, మీ పిల్లలు రోజూ పొద్దున మరాఠీలో చెప్పే ప్రతిజ్ఞ మొదట 1962లో తెలుగులో రాసింది, రాసినవారు నల్లగొండ జిల్లాకు చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు. ఆ సంగతి రేపు ప్రార్థనలో చెప్పి చూడండి, తెలుగు పిల్లలకంటే మరాఠీ పిల్లలే ఎక్కువ ప్రశ్నలు వేస్తారు.

ప్రశ్న: ఎనిమిదో తరగతి పిల్లలతో పల్లి సభ (ఊరి ఓటర్ల సభ) మీద బుర్రకథ చెప్పించాలని ఉంది. రాజకీయం ఎంతవరకు ఉండవచ్చు? ఎవరైనా అభ్యంతరం పెడతారేమో అని భయం.
— తెలుగు మాస్టారు, పర్లాకిమిడి (గజపతి జిల్లా)

జవాబు: మాస్టారూ, బుర్రకథలో రాజకీయం కోసం ఒక మనిషే ఉన్నాడు కదా. కథకుడు తంబుర మీటుతూ, చేతి అందెలు తాటిస్తూ కథ నడుపుతాడు. గుమ్మెటలనే డోళ్లతో ఇద్దరు వంతలు, అంటే పక్కపాటవాళ్లు. ఒకడు హాస్యం, రెండోవాడు రాజకీయం. కథ ఏ కాలందైనా ఇవాళ్టి సంగతి ఎత్తి అడగడం రెండోవాడి ఉద్యోగం. 1940లలో వామపక్ష కళాకారుల సంఘం ప్రజానాట్యమండలి దీన్ని అందుకుని ఊరూరా తిప్పితే, అటు మద్రాసులో బ్రిటిష్ ప్రభుత్వమూ ఇటు నిజాం ప్రభుత్వమూ నిషేధించాయి. కాబట్టి మీ పిల్లలు కొత్తగా తెచ్చిపెట్టే తంటా ఏమీ లేదు.

హద్దు మాత్రం ఒకటి గీసుకోండి. ప్రశ్న పదవిని అడగాలి, మనిషిని కాదు. పార్టీ పేరు, గుర్తు, రంగు, బతికున్న నాయకుడి గొంతు అనుకరణ, ఏవీ వద్దు. ఎన్నికల ప్రచారంలో పిల్లల్ని వాడకూడదని ఎన్నికల సంఘం ఆదేశాలే ఉన్నాయి. ఎన్నికల రోజుల్లో పార్టీ పాటల బాణీ కూడా ఎత్తుకోకండి. ఇంత తీసేశాక మిగిలేది చప్పగా ఉంటుందనుకోవద్దు. రాజకీయం వంత ఇలా అందుకుంటే చాలు:

"ఆగాగు అన్నా! పల్లి సభ జరిగిందంటున్నావు, సభ జరిగిందా సంతకాలే జరిగాయా?"

"తీర్మానం పుస్తకం ఉంది తమ్ముడూ!"

"పుస్తకం ఉంది సరే, అందులో మా వీధి కుళాయి ఉందా?"

ఊళ్లో కూర్చున్న ప్రతివాడికీ అర్థమవుతుంది, ఎవరినీ పేరుపెట్టి అన్నది లేదు. వ్యవహారం తెలియాలి గనుక పిల్లలకు ముందు ఇది చెప్పండి: ఒడిశాలో ఊరి స్థాయిలో పల్లి సభ, పంచాయతీ మొత్తానికి గ్రామ సభ. రెండూ ఓటర్లందరి సభలే, వార్డు మెంబర్ల సమావేశం వేరు. ఈ మూడూ కలిపేసి రాస్తే కథ అక్కడే కుంటుతుంది. పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చిందన్నది ఒక్క ముక్కలో వస్తే చాలు, తేదీలు గుప్పించకండి.

నిడివి 12 నిమిషాలు మించనివ్వకండి: రెండు నిమిషాలు ఎత్తుగడ, ఏడు నిమిషాలు కథ, చివరి మూడు నిమిషాలు కథ ఆపి ప్రేక్షకులనే అడగడం. ఈ చివరి ముక్క లేకపోతే మామూలు వార్షికోత్సవం అంశమే అవుతుంది. తరగతిలో పాత్ర దొరకని పిల్లలు వంత అడగాల్సిన ప్రశ్నలు చీటీల మీద రాసి డబ్బాలో వెయ్యాలి. వంత వేదిక మీదే ఆరు తీసి, అప్పటికప్పుడు రాగంలో అడగాలి. మొదటిసారి నాలుక తడబడుతుంది, తడబడనివ్వండి.

చెడిపోయే చోట్లు ఇవీ. పిల్లలు గుమ్మెట ఆపరు, మాట వినబడదు. కథకుడు మాట్లాడుతున్నంతసేపు గుమ్మెట మీద చెయ్యి ఆని ఉండాలి, "తందాన తాన" దగ్గరే మోగాలి. కథకుడి ఊపిరి రెండు నిమిషాలకే అయిపోతుంది. పాదం పొట్టిగా ఉంచి, నాలుగు పాదాలకు ఒకసారి వంతలు అందుకునేలా రాయండి. పుస్తకభాష వద్దు, మీది గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊరు, మీకు మేం చెప్పక్కర్లేదు. అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది హాస్యం వంత దగ్గర. నవ్వు రాకపోతే వాడు సవర యాసనో, కుంటివాణ్ణో, ఆడవాళ్లనో వెక్కిరించడానికి దిగుతాడు. అభ్యాసంలోనే ఆపండి. సభకు రాకుండా ఇంట్లో కూర్చుని తీర్మానాలు తిట్టేవాణ్ణి హాస్యానికి ఇవ్వండి, కావలసినంత సరుకు ఉంది.

తంబుర దొరకలేదంటే ఆగిపోకండి. గంజాం వైపు దాస్‌కాఠియా ఉంది, ఇద్దరే మనుషులు, చేతిలో చెక్క తాళాలు. ఒకరు చెబుతుంటే రెండోవారు అడుగుతుంటారు. తెలుగు, ఒడియా పిల్లల్ని జత చెయ్యడానికి అది ఇంకా బాగా కుదురుతుంది.

ప్రశ్న: మా సంగీతం క్లాసులో ఒక బాబు జాతీయగీతానికి నిటారుగా నిలబడతాడు గానీ పాడడు. వాళ్ల మతంలో కూడదట. తోటి టీచర్లు శిక్షించమంటున్నారు.
— సంగీతం టీచర్, బరంపురం (గంజాం జిల్లా)

జవాబు: శిక్షించడానికి వీల్లేదు. కేరళలో ఇలాగే నిలబడి, పాడని ముగ్గురు తోబుట్టువుల్ని బడి నుంచి తీసేస్తే, 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది. గౌరవంగా నిలబడటం చాలు, పాడమని బలవంతం చేస్తే భావప్రకటన స్వేచ్ఛకూ మత స్వేచ్ఛకూ భంగమని తీర్పు. బిజో ఇమ్మాన్యుయేల్ కేసు అంటారు. తీర్పు రాసింది మన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. ఆ బాబును వేరే వరుసలో నిలబెట్టడం, పేరుపెట్టి ఎత్తిచూపడం కూడా వద్దు. పాడే పిల్లల విషయంలో మీరు చూడాల్సింది వేరే ఉంది: పూర్తి గీతం సుమారు 52 సెకన్లలో ముగియాలి. చాలా బళ్లలో సాగదీసి నిమిషం దాటిస్తారు.

ప్రశ్న: బడిలో నమూనా ఎన్నికలు పెడదామనుకుంటున్నాం. గుర్తులు పిల్లలే గీస్తారు. దేంట్లో జాగ్రత్తగా ఉండాలి?
— చిత్రలేఖనం ఉపాధ్యాయుడు, బల్లార్‌పూర్ (చంద్రపూర్ జిల్లా)

జవాబు: పిల్లల్ని అభ్యర్థులుగా నిలబెట్టకండి, మొదటిసారైనా. ఎవరి బంధువులు ఎక్కువ, ఎవరిది ఏ పేట అన్నదే ఓటవుతుంది. ఓడిన పిల్ల నెలరోజులు తలెత్తదు. మనిషికి బదులు విషయాన్ని నిలబెట్టండి. శనివారం చివరి పీరియడ్‌లో నాటిక కావాలా, కోలాటం కావాలా, కథ కావాలా, బొమ్మలా? ఏది గెలిస్తే అది నిజంగా అమలు కావాలి. హెడ్‌మాస్టరు గారు ఫలితాన్ని మార్చే అవకాశం ఉంటే ఎన్నిక పెట్టకుండా ఉండటమే మేలు.

గుర్తు 10 సెంటీమీటర్ల చదరంలో, ఒక్క నలుపు రంగుతో, మూడు మీటర్ల దూరం నుంచి తెలిసేలా ఉండాలి. పరీక్ష సులువు: అక్షరాలు సరిగా రాని ఒకటో తరగతి పిల్లలకు చూపించి ఏమిటది అని అడగండి. ఇద్దరు తప్పు చెబితే మళ్లీ గియ్యాలి. కోలాటానికి ఇద్దరమ్మాయిలు ఆడుతున్నట్టు గీస్తారు, దూరానికి మసకే. రెండు కోలలు అడ్డంగా గీస్తే చాలు. 1951–52లో మొదటి సార్వత్రిక ఎన్నికలప్పుడు ఎక్కువమందికి చదువు రాక, ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి దానిమీద గుర్తు అంటించారు. మీరూ అలాగే చెయ్యవచ్చు, కానీ పెట్టెలన్నీ తెర వెనకే ఉండాలి. అయినా ఏ పెట్టెలో వేశారో అడుగుల చప్పుడే చెప్పేస్తుంది. ఈ ఒక్క ఇబ్బంది పడలేకే ఒకే పెట్టె, గుర్తులన్నీ ఉన్న చీటీ మంచిదంటాం.

బల్లలు మూడు. మొదటి దగ్గర హాజరుపట్టీలో పేరు చూసి గీత గీస్తారు, రెండో దగ్గర వేలికి సిరా పెట్టి సంతకం తీసుకుంటారు, మూడో దగ్గర చీటీ ఇచ్చి లోపలికి పంపుతారు. ఖాళీ పెట్టె అందరికీ బోర్లించి చూపాకే సీలు వెయ్యాలి. నాలుగు పక్షాలకూ ఏజెంట్లు ఉండాలి, ఎంచేటప్పుడు వాళ్ల ఎదుటే. సమానంగా వస్తే? చట్టం ప్రకారం అసలు ఎన్నికల్లోనూ లాటరీయే. పై వాటిలో ఏదీ వద్దు అనే గడి కూడా ఉంచండి, 2013 నుంచి మన ఎన్నికల్లో ఉన్నదే. ఆ గడికి ఎక్కువ ఓట్లు పడితే ఏం చెయ్యాలో ముందే నిర్ణయించుకోండి.

అసలు ఎన్నికల సిరాలో సిల్వర్ నైట్రేట్ ఉంటుంది, చిన్నపిల్లల చర్మానికి వద్దు. పారాణి చుక్క పెట్టండి. ఇంటికెళ్లాక అమ్మానాన్నలు అడుగుతారు, సగం పాఠం అక్కడ నడుస్తుంది.

ప్రశ్న: మా బడి గోడ మీద సవర బొమ్మల పద్ధతిలో గ్రామసభ చిత్రం వేయించాలని కోరిక. రంగులు, కొలతలు చెప్పండి.
— ఉపాధ్యాయిని, గుమ్మ (గజపతి జిల్లా)

జవాబు: ముందు ఒక మాట. సవరల ఇళ్లలో గోడమీద వేసే ఇడితాల్ అలంకారానికి వేసేది కాదు, దేవతల కోసం, పితృదేవతల కోసం పూజతో వేసేది. దాన్నే దించి మధ్యలో సర్పంచ్‌ను కూర్చోబెట్టడం బాగుండదు. మీ బడిలో సవర పిల్లలుంటే వాళ్ల పెద్దల్ని పిలిచి ఏది వెయ్యవచ్చు, ఏది కూడదు అని అడగండి. ఆ అడగడం కూడా పిల్లల ఎదుటే జరగాలి. ఎర్ర నేల మీద తెల్ల గీతల మనుషులు, చెట్లు, జంతువులు వేసుకోవడానికి సాధారణంగా ఎవరూ కాదనరు.

పది అడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు తీసుకోండి. పాత సున్నం పెచ్చులు గీకి, గోడ తడిపి, ఎర్రమట్టి జల్లించి రెండు పూతలు వెయ్యాలి. కిలో మట్టికి వంద గ్రాముల ఫెవికాల్, మజ్జిగ చిక్కదనం వచ్చేదాకా నీళ్లు. మొదటి పూత పూర్తిగా ఆరకుండా రెండోది వేస్తే పగుళ్లు వస్తాయి. తెలుపుకు పావుకిలో బియ్యం నాలుగు గంటలు నానబెట్టి, మెత్తగా రుబ్బి, బట్టలో వడగట్టి, చెంచాడు జిగురు కలపండి. తడిగా ఉన్నప్పుడు బియ్యం పిండి గీత కనబడీ కనబడనట్టు ఉంటుంది, ఆరాకే తెల్లబడుతుంది. పిల్లలు ఆగలేక మీద మీద పూస్తారు, ఆరాక దళసరిగా పెచ్చు లేస్తుంది. ఒక గీత వేసి పావుగంట ఆగమనండి. కుంచెకు బదులు చివర నమిలిన వేపపుల్ల చాలు.

బొమ్మలో ఎవరు ఎంత పెద్దగా ఉండాలన్నది అసలు పాఠం. చెయ్యకముందు నేల మీద సుద్దతో చిత్తు వేయించండి. సర్పంచ్‌ను అందరికంటే పెద్దగా, నడిమధ్యలో వేస్తారు. ఆడవాళ్లను అంచున, నీళ్లబిందెలతో. సరిదిద్దకండి, అడగండి: ఈవిడ మాట్లాడితే ఆ చివర వాళ్లకు వినబడుతుందా? తీర్మానం పుస్తకం ఎవరి చేతిలో ఉంది? ఈ బొమ్మలో సభకు రానివాళ్లు ఎక్కడున్నారు? రెండో చిత్తు వేరుగా వస్తుంది. గడ్చిరోలి జిల్లాలో మెండా-లేఖా అనే గోండు ఊరు ఉంది, అక్కడ గ్రామసభలో ఓటుతో కాదు, అందరూ ఒప్పుకునేదాకా మాట్లాడి నిర్ణయిస్తారు. ఆ సంగతి చెప్పి మూడో చిత్తు అడగండి, ఈసారి మనుషులు గుండ్రంగా కూర్చుంటారో లేదో చూడండి.

ప్రశ్న: చిన్నపిల్లలకు రాజకీయాలు ఎందుకండీ? చదువు పాడవదా?
— ఒక తండ్రి, దెగ్లూరు (నాందేడ్ జిల్లా)

జవాబు: పద్దెనిమిది నిండగానే ఓటు ఇస్తున్నాం కదండీ, 61వ సవరణతో 1989లో వయసు 21 నుంచి తగ్గించాం. పార్టీలు బడిలోకి రాకూడదన్న మీ మాట నిజమే. వంతు పాటించడం, ఎదుటివాడి మాట పూర్తిగా వినడం, ఓడినా ఆటలో ఉండటం నేర్చుకుంటే లెక్కల మార్కులు తగ్గవు.

ప్రశ్న: ఆగస్టు 15కు 60 మంది పిల్లలతో డప్పు దరువు చేయిస్తున్నాం. నాయకుడు లేకుండా అందరూ సమానంగా వాయించాలని మా ఉద్దేశం. రెండు నిమిషాలకే లయ పరుగెత్తి కూలిపోతోంది.
— ధర్మాబాద్ (నాందేడ్ జిల్లా)

జవాబు: కూలుతుంది మరి. పక్కవాడి దెబ్బ వినకముందే మనసు దాన్ని ఊహించి కొంచెం ముందుకు కొడుతుంది. అరవై మంది అలా ఒకరినొకరు తోస్తారు. ఈ కూలడాన్ని దాచకండి, కొలిపించండి. నిమిషానికి 90 దెబ్బల దగ్గర ఎత్తుకుని, రెండు నిమిషాల తర్వాత ఎంతకు చేరిందో ఫోన్‌లో మెట్రోనోం పెట్టి పిల్లలే చూడాలి. తర్వాత ఒకే నాయకుడితో, అతను ఎంత వేగం అంటే అంత. లయ నిలుస్తుంది, పది నిమిషాలకు మిగతావాళ్లకు విసుగు పుడుతుంది. మూడోసారి ఇలా చెయ్యండి: నాయకత్వం పదహారు ఆవృతాలు (తాళం ఒక చుట్టు తిరిగితే ఒక ఆవృతం), ఆపైన పక్క వరుసకు. నాయకుడు లయ తప్పితే వరుసలో సగంమంది అరచెయ్యి పైకెత్తి మార్చమనవచ్చు, కానీ ఆవృతం పూర్తయ్యాకే. మధ్యలో మారిస్తే మళ్లీ కూలుతుంది. పక్కవాడి దెబ్బ వినబడకపోతే నువ్వు గట్టిగా కొడుతున్నట్టు, ఈ ఒక్క సూత్రం సగం పరుగును ఆపుతుంది.

డప్పులు నాలుగే ఉంటే పదిహేనేసి మందిని నాలుగు వరుసలు చేసి, వరుసకు ఒకటి, మిగతావాళ్లు చప్పట్లు. డప్పు ఎవరి చేతికి వెళ్తోందో మాత్రం కనిపెట్టి ఉండండి. ఊళ్లో డప్పు కొట్టే ఇంటి పిల్లాడికే ఇచ్చి, వేదిక మీద మాటలు ఇంకొకరికి ఇచ్చే అలవాటు బళ్లలోనూ ఉంది. ఆడపిల్లలకు చప్పట్లే మిగులుతాయి. హాజరుపట్టీ వరుసలో తిప్పండి, ఎవరికీ మినహాయింపు లేదు.

డప్పు వాయించే పుల్లల్లో లావుది చిర్ర కుడిచేతిలో, సన్నది చిటికెన పుల్ల ఎడమచేతిలో. చిన్నపిల్లలకు చిర్ర జానెడు మించితే మణికట్టు నొస్తుంది, ఇదీ లయ జారడానికి ఒక కారణమే. ఆగస్టులో తేమకు తోలు వదులైపోతుంది, వాయించే ముందు మంటకు కాస్త దూరంగా తిప్పుతూ కాచాలి, ఆ పని పెద్దవాళ్లే చెయ్యాలి. వాన పడేలా ఉంటే రెండు ఫైబర్ డప్పులు సిద్ధంగా పెట్టుకోండి.